ఎడమ చివరి విమానం

మా అక్క కంటి విషయంలో నేను చేసిన తప్పును ముందుగా చెప్పుకోవాలి. అది చెప్పకపోతే, పదవీ విరమణ చేసిన ఒక లెక్కల ఉపాధ్యాయుడు ఎనిమిది వారాల పాటు కెమెరా పట్టుకొని గోదావరి ఒడ్డున గద్దల వెంట ఎందుకు తిరిగాడో ఎవరికీ అర్థం కాదు.

నాందేడులో నేను పనిచేసిన ఉన్నత పాఠశాలలో ఏటా చలికాలంలో కంటి శిబిరం జరిగేది. బల్లలు బయట పెట్టించి, తరగతి గదుల్లో మంచాలు వేయించి, పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్లను వరుసలో కూర్చోబెట్టే బాధ్యత పదకొండేళ్లు నాది. ఆ రోజుల్లో పద్ధతి ఒక్కటే. మోతీబిందు, అంటే కంటిపాపలో పెరిగే తెల్లటి పొర, పూర్తిగా పండాలి. పండేదాకా కత్తి పెట్టరు. పండనివాళ్లను వచ్చే ఏడు రమ్మని పంపించేవారు. నేను డాక్టరును కాను. అయినా టార్చి వేసి కంటిపాప చూసి, పండిందో లేదో చెప్పేంత అనుభవం నాకు వచ్చిందని నమ్మాను. చాలాసార్లు నా మాటా డాక్టరు మాటా ఒకటే అయ్యేవి. ఆ నమ్మకమే కొంప ముంచింది.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. అమ్మ పోయిన తరువాత నన్ను పెంచి, ఉర్దూ బడికి పంపి, చదువు పూర్తయ్యేదాకా వెన్నంటి ఉన్న మనిషి. దెగ్లూరులో మా బావ చనిపోయినప్పుడు ఆమె తన ఒక్క కొడుకును తీసుకొని మా ఇంటికి వచ్చింది. పిల్లవాడు నా పాఠశాలలోనే చదివి, ఆపైన వైమానిక దళంలో చేరాడు. నా భార్య అప్పటికే కాలం చేసింది. ఇంట్లో మేమిద్దరమే.

"తమ్మీ, పక్కకెల్లి వచ్చేది కనవడ్తలేదు," అని అక్క ఒకనాడు చెప్పింది.

నేను టార్చి వేసి చూశాను. ఎక్కడా తెలుపు లేదు.

"పండలేదక్కా. ఇంకో ఏడు పోనీ."

ఏడు గడిచింది. మళ్లీ టార్చి, మళ్లీ అదే మాట. ఆమె తలుపు చెక్కకు భుజం కొట్టుకునేది. చెంబు అందుకోబోయి పక్కకు తోసేది. నేను చేసిందల్లా ఇల్లు సర్దడం. చెంబుకొక చోటు, అగ్గిపెట్టెకొక చోటు, చెప్పులకొక చోటు నిర్ణయించి, ఒక్క అంగుళం జరగకుండా చూశాను. అన్నీ ఉన్నచోటనే ఉండడం వల్ల ఆమెకు తడబాటు తగ్గింది. తడబాటు తగ్గడం వల్ల ఆమె చూపు ఎంత పోయిందో ఇద్దరికీ తెలియకుండా పోయింది. నా జీవితంలో క్రమశిక్షణ ఎవరికైనా కీడు చేసిందంటే ఆ రెండేళ్లలోనే.

మూడో చలికాలం శిబిరానికి కొత్త డాక్టరు వచ్చాడు. వయసులో చిన్నవాడు. అక్క కళ్లను చాలాసేపు పరీక్షించి, నన్ను వరండాలోకి పిలిచి, మరాఠీలో మెల్లగా చెప్పాడు. ఇది మోతీబిందు కాదు, కాచ్‌బిందు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి లోపలికి చచ్చిపోతూ వస్తుంది. ఇది పండేది కాదు, తీసేది కాదు. కుడికన్ను పోయింది. ఎడమకంట్లో మధ్యన ఇంత మిగిలింది అంటూ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు. మందు చుక్కలతో కొంతకాలం ఆపవచ్చు. ఎంతకాలమో చెప్పలేడు. పోయినది మాత్రం తిరిగిరాదు.

"ఇన్నాళ్లు ఎందుకు ఆగారు సర్?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. అదే నన్ను ఇప్పటికీ నిలవనివ్వదు.

ఆ వారమే మేనల్లుడి ఉత్తరం వచ్చింది. ఎనిమిది వారాల తరువాత హైదరాబాదు అవతల విమానాల ప్రదర్శన ఉంది, జనాన్ని రానిస్తారు, తాను కూడా ఎగురుతున్నాడు. ఐదు విమానాలు బాణపు మొనలాగా కలిసి పోతాయి. మైదానం మీదుగా ఆరుసార్లు వెళతాయి. ఏ విమానం ఎవరికి ఇస్తారో ఆ పొద్దున గాని తెలియదు గాని, వరుసలో చోటు మాత్రం మారదు. తనది ఎడమ చివర. అమ్మను తీసుకురమ్మని రాశాడు. కళ్ల సంగతి వాడికి మేము ఇంకా రాయలేదు.

నేను చదువుతుంటే అక్క తల కొంచెం పక్కకు తిప్పి వింది.

"వాడు ఎగిరేది ఒక్కపారి సూడాలె తమ్మీ. అటెన్క ఎట్లున్నా సరే."

"పోదాం. ఇద్దరం పోదాం."

"నేనొచ్చి ఏం జేస్త? ఆకాశంల వాణ్ణి యాడని ఏరుకుంట? నిన్న మిద్దె మీద పావురాల సప్పుడైతే తలెత్తిన. ఒక్కటి దొర్కలే." కొంగు సర్దుకుంది. "నువ్వు వోయి ఫొటో తీస్క రా. కాయితం మీదైతే నిలవడి ఉంటడు కద. నిమ్మళంగ ఏరుకుంట."

అప్పటినుంచి నా పని ఒక్కటే అయింది. ఆ సున్నా మూసుకుపోకముందు ఆమె కొడుకు ఎగురుతున్న బొమ్మ ఆమె కంటిముందు పెట్టాలి. అది తప్పుకు పరిహారం కాదని నాకు తెలుసు. కానీ చేయగలిగింది మరొకటి కనిపించలేదు.

వజీరాబాద్ గల్లీలో ఒక ఫొటో స్టూడియో ఉండేది. యజమాని మా పాఠశాలలో చదువుకున్న తెలుగు పద్మశాలీల పిల్లవాడు. అప్పటికి నడివయస్కుడు, ఇద్దరు పిల్లల తండ్రి. అతని దగ్గర మరలు తిప్పి లెన్సు మార్చుకునే కెమెరా ఒకటి, దూరపు వస్తువులను తీసే లెన్సులు రెండు ఉండేవి. బొంబాయిలో ఎవరో వాడి వదిలినవి. ఒకటి రెండువందల మిల్లీమీటర్ల పొట్టి గొట్టం, మరొకటి నాలుగువందల పొడుగు గొట్టం. అంకె పెరిగినకొద్దీ దూరపు వస్తువు దగ్గరికి వస్తుంది. ఆ మేరకు చుట్టూ కనిపించేది తగ్గిపోతుంది. రెండిట్లో ఒకటే ఇస్తానన్నాడు. ఆ రోజుల్లోనే గురుద్వారా ఊరేగింపు ఉందట. మిద్దె మీది నుంచి తీయడానికి రెండోది తనకు కావాలి.

నేను నాలుగు రోజులు గడువు అడిగి, నోటు పుస్తకంలో పట్టిక వేశాను. విమానం పొడవు పదకొండు మీటర్లు అనుకుందాం. దూరం అర కిలోమీటరు. పొట్టి గొట్టంలో ఫిల్ము మీద బొమ్మ నాలుగున్నర మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. పొడుగు దానిలో తొమ్మిదికి కొంచెం తక్కువ. ఫిల్ము మీద ఎంత పెద్దగా పడితే కాగితం మీద అంత పెద్దగా, అలుక్కుపోకుండా వస్తుంది. చూపు తగ్గిన మనిషికి పెద్ద బొమ్మ కావాలి. తర్కంలో ఎక్కడా లోపం కనిపించలేదు. పట్టిక తీసుకెళ్లి స్టూడియో యజమాని ముందు పెట్టాను.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, మీ లెక్క బరోబర్. దాంట్ల నేను మాట్లాడేది లేదు. గని పొడుగుదాంట్లకెల్లి సూస్తె ఆకాశం గింతే కనవడ్తది." బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాడు.

వారం కింద డాక్టరు వేళ్లు అలాగే కలిశాయి. నేను ఆ చేతి మీది నుంచి చూపు తిప్పుకున్నాను.

"పొట్టిది తీస్కపోండ్రి సార్. విమానాలు ఎన్ని?"

"ఐదు. కానీ నాకు కావలసింది ఒక్కటే."

"ఒక్కటైనా గద్ద లెక్క తీరిగ్గ తిరగదు. సర్రుమని పోతది. పొడుగుదాంట్ల దొర్కవట్టుడు కష్టం."

"సాధన చేస్తాను."

"చేస్తరు సార్. నాకెర్క లేదా? పదిహేడో ఎక్కం కోసం నన్ను మూడు దినాలు గోడకు నిలవెట్టిండ్రు. ఇయ్యాల్టికి మర్వలే." నవ్వుతూ పొడుగు గొట్టాన్ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

మొదటి రీలు గోదావరి ఘాట్ దగ్గర గద్దల మీద ఖర్చు చేశాను. గొట్టం బరువుకు చేయి వణకకుండా చేతికర్ర మీద ఆన్చి తీశాను. కంటితో చూస్తే గద్ద ఎదురుగానే ఉండేది. కెమెరాకు కన్ను ఆనించగానే మాయమయ్యేది. ఉత్త ఆకాశం, ఎటు తిప్పినా ఆకాశమే. అటు వెతికి ఇటు వచ్చేసరికి గద్ద నది దాటిపోయేది. ముప్పై ఆరు బొమ్మలు కడిగితే ముప్పై ఒకదానిలో ఏమీ లేదు. మబ్బు కూడా లేదు. మిగిలిన ఐదింటిలో ఒక రెక్క, ఒక తోక, ఆనవాలు పట్టలేని ఒక మరక.

గద్దలు లాభం లేదని దెగ్లూరు రోడ్డు మీద నిలబడి వచ్చీపోయే బస్సుల మీద మొదలుపెట్టాను. మూడో బస్సు నా ముందుకు వచ్చి ఆగిపోయింది. డ్రైవరు చొక్కా పై గుండీ పెట్టుకొని, కిటికీలోంచి తల బయటపెట్టి, "కాయ్ సాహెబ్, ఏమన్న తప్పైందా?" అని అడిగాడు. లోపల ఎవరో ముసలావిడ, "దిగున్రి, చెకింగ్ సాహెబ్ వచ్చిండు," అని పక్కవాళ్లను తొందరపెడుతోంది. గద్దలను పట్టడానికి బస్సులను తీస్తున్నానని నడిరోడ్డు మీద వివరించడం నాకు చేతకాలేదు. పొమ్మని చెయ్యి ఊపాను. డ్రైవరు సలాం చేసి వెళ్లాడు.

ఇంటి గోడ మీద మరో లెక్క నడుస్తోంది. ప్రతి ఆదివారం పొద్దున అక్కను గోడకు జానెడు దూరంలో కూర్చోబెట్టి, ఎదురుగా ఒక చుక్క మీద చూపు నిలపమని, నీలం సుద్దముక్కను పక్క నుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చేవాణ్ని. కనిపించగానే ఆమె "ఆఁ" అనేది. అక్కడ గీత గీసేవాణ్ని. మొదటి ఆదివారం చుక్కకు నాలుగు వేళ్ల దూరంలో పడిన గీత, మూడో ఆదివారం మూడు వేళ్ల దగ్గర పడింది. చుక్కల మందు వేళ తప్పకుండా వేస్తూనే ఉన్నాను. గడియారం చూసి వేసేవాణ్ని. గీత మాత్రం లోపలికే వచ్చింది.

"గోడ ఖరాబ్ చేస్తున్నవ్ తమ్మీ," అనేది అక్క. "సున్నం ఎవరు కొడ్తరు?"

రెండో రీలు కూడా అలాగే పోయిన రోజు, మధ్యాహ్నపు ఎండలో ఘాట్ మెట్ల మీద కూర్చుండిపోయాను. గద్ద నెత్తి మీదే తిరుగుతోంది. దాని అరుపు వినబడుతోంది. గొట్టంలో దొరకదు. తల తిప్పుతున్నాను, వెతుకుతున్నాను, ఉన్నదని తెలుసు, దొరకదు. అప్పుడు తెలిసింది. మా అక్క రెండేళ్లుగా ఇలాగే చూస్తోంది. చెంబును ఇలాగే వెతికింది, తలుపును ఇలాగే గుద్దుకుంది. నేను టార్చి వేసి "పండలేదు" అంటున్న ప్రతిసారీ ఆమె నా ముఖాన్ని ఈ సున్నాలోంచి ముక్కలు ముక్కలుగా ఏరుకుంది. ఏడ్వడం నాకు అలవాటు లేదు. ఆ మెట్ల మీద చాలాసేపు కెమెరాకు కన్ను ఆనించే కూర్చున్నాను. దారినపోయేవాళ్లు ఏదో తీస్తున్నాననుకున్నారు.

అన్నాల దగ్గర అక్క అడిగింది.

"గద్దలు దొర్కినయా?"

"లేదక్కా. కంటికి కనవడ్తది, గొట్టంల కనవడదు."

"ఎట్ల ఎదుకుతున్నవ్?"

"ఉన్నదనుకున్న చోటికి తిప్పుత."

ఆమె నవ్వింది. "నేను గట్ల ఎదికితే ఈ కంచంల బువ్వ కూడ దొర్కదు. ఇగో, సూడు." వేలితో కాదు, చూపుతోనే, తల మెల్లగా తిప్పుతూ కంచం అంచును పట్టుకుంది. అంచు వెంట పోయింది. పప్పు దగ్గర ఆగింది, అక్కడి నుంచి అన్నానికి వచ్చింది. "నడిమికెల్లి ఎదుకొద్దు. మొదలు అంచు వట్టుకో. అంచెంబడి పో. అదే ఎదురొస్తది."

లెక్కల్లో నేను ఎవరి దగ్గరా ఓడిపోలేదు. బడి ముఖం చూడని మా అక్క దగ్గర ఆ రోజు పాఠం నేర్చుకున్నాను. మరునాడు గద్దను వెతకడం మానేశాను. ఘాట్ పక్కనున్న నీళ్ల ట్యాంకు అంచును గొట్టంలో పట్టుకొని, దాని వెంట పైకి పోయి, గద్ద వచ్చే దారిలో కాచుకున్నాను. అదే ఎదురొచ్చింది. వచ్చాక దాని వేగంతో పాటు నడుం తిప్పాను. మూడో రీలులో ఇరవై రెండు గద్దలు పడ్డాయి. ఒకదానిలో ఈకలు కూడా విడివిడిగా వచ్చాయి. పొడుగు గొట్టాన్ని ఎంచుకోవడం సరైనదేనని అప్పుడు తీర్మానించుకున్నాను.

ఏడో ఆదివారం నేను గోడ మీద గీత గీయలేదు. సుద్దముక్క చుక్క పక్కకు వచ్చేదాకా ఆమె ఆఁ అనలేదు.

ప్రదర్శన రోజున ఫిల్ము పంపకం ఇలా చేసుకున్నాను. రీలుకు ముప్పై ఆరు. మధ్యలో మార్చే వ్యవధి ఉండదు. ఆరుసార్లు వస్తాయి కనుక సారికి ఆరు. మైదానం నిండా జనం. గొడుగులు, పిల్లల ఏడుపులు, వేరుశనగ తొక్కలు. నేను కంచె పక్కన ఒక జెండా కర్రను అంచుగా ఎంచుకొని గొట్టాన్ని దాని మీద నిలిపాను. ముందు ఇతర విమానాలు పోయాయి. వాటికి ఒక్క బొమ్మ కూడా ఖర్చు పెట్టలేదు. తరువాత దూరాన ఐదు చుక్కలు కనిపించాయి. జనం లేచి నిలబడ్డారు.

మొదటిసారి ఆరు నొక్కాను. రెండోసారి ఆరు. చేయి వణకలేదు, వెతుకులాట లేదు. గొట్టం నిండా విమానం, వెండిలా మెరుస్తున్న పొట్ట, చాచిన రెక్కలు. నేను ఊహించినదానికంటే గొప్పగా ఉంది. మూడోసారి వస్తున్నప్పుడు ఒక సంగతి తట్టింది. గొట్టంలో కనిపిస్తున్నది ఒక్క విమానమే. ఏ విమానం?

కెమెరా దించి తలెత్తాను. ఐదూ కలిసి, బాణపు మొనలాగా, నెత్తి మీది నుంచి దూసుకుపోయాయి. ఎడమ చివరిది. ఎవరి ఎడమ? ఎదురు వస్తున్నప్పుడు వాళ్ల ఎడమ నాకు కుడి. తేల్చుకొని మళ్లీ కన్ను ఆనించేసరికి గొట్టంలో మరో పొట్ట, దాని పక్కన ఇంకో రెక్క కొస. అన్నీ ఒకేలాగా ఉన్నాయి. ఎడమ చివర అన్నది ఐదూ కలిసి కనబడినప్పుడే ఉంటుంది. ఒక్కదానికి ఎడమ లేదు, చివర లేదు. పదకొండు మీటర్ల విమానానికి లెక్క కట్టిన నేను, ఐదు విమానాల వరుసకు లెక్క కట్టలేదు. అరవై మీటర్ల పైచిలుకు వరుస. పొడుగు గొట్టంలో పట్టదు. పొట్టి గొట్టంలో చక్కగా పట్టేది. మూడో తరగతి పిల్లవాడైనా వేసే గుణకారం అది. ఎన్ని విమానాలని స్టూడియో యజమాని నన్ను అడగనే అడిగాడు.

నాలుగోసారి, ఐదోసారి ఏం నొక్కానో నాకు జ్ఞాపకం లేదు. ఆరోసారి అవి జనం మీది నుంచి నేరుగా వెళ్లిపోతున్నాయి. ఐదు తీశాను, మళ్లీ పొట్టలే. చివరి బొమ్మ మిగిలింది. అప్పటికే అవి చాలా దూరం పోయాయి. చేతకాక, కోపంతో, వాటి వెనక నొక్కాను. ఆ తరువాత ఆకాశం ఖాళీ అయింది. మేనల్లుణ్ని కలవడానికి కంచె దాటనివ్వలేదు. మీటరుగేజి బండిలో నిజామాబాదు మీదుగా ఇంటికి వస్తూ దారిపొడవునా నోటు పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. ఒక్క అక్షరం రాయలేదు.

స్టూడియో యజమాని రీలు కడిగి, ముందు బొమ్మలన్నిటినీ ఫిల్ము పరిమాణంలోనే ఒక కాగితం మీద ముద్రించి ఇచ్చాడు. గోరంత బొమ్మలు ముప్పై ఆరు. పరీక్ష పేపరు దిద్దినట్టు ఎర్ర పెన్సిలు పట్టుకొని కూర్చున్నాను. కదిలినవి కొట్టేశాను. చివరిది, ఐదు చీమల్లాంటి మచ్చలున్నది, అన్నిటికంటే ముందు కొట్టేశాను. బాగున్న ఒకదాన్ని గోడ క్యాలెండరంత చేయించాను.

"సార్, మేకులు లెక్కవెట్టొచ్చు సూడుండ్రి," అన్నాడు అతను సంబరంగా. "కమాల్ చేసిండ్రు. ఇది మనోడిదే కద?"

నేను బొమ్మను చుట్టి చంకలో పెట్టుకొని వచ్చేశాను.

రెండు రోజులు వృత్తలేఖినీ కొలబద్దా పెట్టుకొని ఆ బొమ్మతో పోరాడాను. కుడి అంచున మరో విమానపు రెక్క కొస వేలెడంత కనిపిస్తోంది. దాని కోణాన్ని బట్టి వరుసలో ఇది ఎన్నోదో రుజువు చేయాలి. చివరిదైతే ఆ కొస అక్కడే ఉంటుంది. దాని పక్కదైనా అక్కడే ఉంటుంది. పది కాగితాలు నిండాయి. రుజువు రాలేదు. విమానం మీద రాసిన అంకె చదువుదామంటే పొట్ట తప్ప మరేమీ పడలేదు.

మూడోరోజు పొద్దున అక్కే అడిగింది. "తమ్మీ, ఫొటో వచ్చి రెండొద్దులాయె. సూపియ్యవా?"

వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి బొమ్మను ఆమె ఒళ్లో పరిచాను. ఆమె అంచు పట్టుకుంది. అంచు వెంట పోయింది. ముఖం కాగితానికి ఆనేంతగా వంచింది.

"తెల్లగ ఉన్నది. ఇది ఆకాశమా?"

"ఆకాశమే."

"ఇక్కడ నల్లగ… రెక్కనా?" తల మెల్లగా పక్కకు జరిపింది. "ఇది ఇనుము. ఇది ఇంక ఇనుమే. మొత్తం యాడున్నది తమ్మీ? ఒక్క దగ్గర కూడుతలేదు."

పెద్ద బొమ్మ ఆ చిన్న సున్నాలో పట్టలేదు. ఎనిమిది వారాలు పెద్దది కావాలని తపించాను. పెద్దదయినకొద్దీ ఆమెకు ముక్కలే మిగులుతాయన్న సంగతి, ఆ గొట్టంలోంచి చూసి కూడా, నాకు తట్టలేదు.

ఆమె తల ఎత్తింది. "సరే తీ. వానిదేనా ఇది?"

అవునంటే అయిపోయేది. ఆమెకు తెలిసే దారి లేదు. అబద్ధం ఆడిన పిల్లలను ముప్పై ఏళ్లు బెంచీ ఎక్కించిన వాణ్ని; ఆ క్షణంలో ఆ బెంచీ ఎక్కడానికి నేను పూర్తిగా సిద్ధపడ్డాను. కానీ ఇదివరకు కూడా ఇదే మనిషికి, ఇదే కంటి గురించి, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పాను.

"తెల్వదక్కా. ఐదున్నయి. ఇది ఎవరిదో తెల్వదు."

ఆమె బొమ్మ మీద చెయ్యి పెట్టింది. "ఐతే ఏరేటోల్ల కొడుకైతడు."

"కావచ్చు."

"పాపం, ఆ తల్లికన్న పంపియ్యి." బొమ్మను జాగ్రత్తగా చుట్టి నాకు ఇచ్చింది. "ఇంకేం లేవా?"

గోరంత బొమ్మల కాగితం తెచ్చాను. ఎందుకు తెచ్చానో తెలియదు. ఇవ్వడానికి చేతిలో మరేమీ లేదు. చివరి బొమ్మ ఎక్కడుందో వేలు పెట్టి చూపాను.

"దీన్ల ఐదూ ఉన్నయి. గని మస్తు దూరమున్నయి. పోయేటప్పుడు తీసిన."

ఆమె కళ్లద్దాలు పెట్టుకొని కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"ఈ గీత ఏంది?"

"నేనే కొట్టేసిన."

"ఎందుకు?"

"చిన్నగ వచ్చింది."

"నా కంట్ల గింతే వడ్తది," అంది.

ఆమె ఎర్రగీతను పట్టించుకోలేదు. ఎప్పటిలాగే ఎడమ పక్క అంచు పట్టుకుంది. గవ్వంత బొమ్మ. తల వెంట్రుకవాసి కదిలింది, ఆగింది.

"దొర్కింది. ఒకటి." మళ్లీ కదిలింది. "రెండు… ముంగటిది మూడు… నాలుగు, ఐదు. కొంగల లెక్క. ఐదూ ఒక్కపారే కనవడ్తున్నయి తమ్మీ." కాగితం కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. "వాడు యాడ?"

వెళ్లిపోతున్నప్పుడు తీసినది కనుక వాళ్ల ఎడమే మన ఎడమ. ఒక్కసారి కాదు, మూడుసార్లు సరిచూసుకున్నాను.

"మొదలు దొర్కినోడే అక్కా. ఎడమ చివర."

ఆమె చూపు వెనక్కు పోయి అంచు పట్టుకొని, మళ్లీ వాడి దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయింది. వాకిట్లో ఎండ ఆమె మోకాళ్ల దాకా వచ్చింది. ఆ తరువాతి వానాకాలానికి ఆ సున్నా పూర్తిగా మూసుకుపోయింది. ఆ పొద్దున మాత్రం తెరిచే ఉంది. ఇక నోరు మూసుకొని ఉండడం నావల్ల కాలేదు.

"అక్కా, రెండేండ్లు నేనే ఆపిన. పండలే పండలే అనుకుంట."

"నువ్వు ఆపినవు, నేను ఆగిన," అంది ఆమె, కాగితం మీది నుంచి ముఖం ఎత్తకుండా. "ఇప్పుడు మాట్లాడకు తమ్మీ. వాడు పోతనే ఉన్నడు. సూడనీ."